వడ్డించేవారిని ఎంచేదెవరు?

2012 అక్టోబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఒకదానికి వరసగా రాజీనామా లేఖలు అందాయి. రాసినవారంతా క్యాన్సర్ పరిశోధనలో పేరున్న శాస్త్రవేత్తలు. వారిలో నోబెల్ గ్రహీతలూ ఉన్నారు. సంస్థ అధికారి ఒక్కరిని మినహాయిస్తే మిగతావారెవరూ అక్కడ ఉద్యోగులు కారు, ఆ రాష్ట్రంలో ఉండేవారు కూడా కారు. ఏ పరిశోధనకు ప్రజల డబ్బు ఇవ్వాలో, దేనికి ఇవ్వకూడదో తేల్చి చెప్పే నిపుణుల కమిటీల్లో వారు సభ్యులు. ఆ కుర్చీలు ఖాళీ అయిన రెండు నెలలకే కొత్త గ్రాంట్లన్నీ ఆగిపోయాయి. డబ్బుకు కొదవ లేదు, పరిశోధకులకు కొదవ లేదు. నమ్మకంగా తూచి చెప్పే మనుషులే కరవయ్యారు.

వైద్య పరిశోధన గురించి మనం మాట్లాడుకునేటప్పుడు బడ్జెట్ ఎంత అని అడుగుతాం, ఏ మందు కనిపెట్టారని అడుగుతాం. ఈ రెంటికీ నడుమ ఒక గది ఉంటుంది. పది పదిహేను మంది నిపుణులు అందులో కూర్చుని వందల ప్రతిపాదనలు చదివి మార్కులు వేస్తారు. పదేళ్ల తర్వాత ఏ జబ్బుకు మందు వస్తుందో, ఏ జబ్బు అనాథగా మిగులుతుందో చాలావరకు ఆ గదిలోనే తేలుతుంది. అక్కడ ఎవరు కూర్చోవాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న మాత్రం పత్రికల దాకా రాదు. రావలసిన సమయం వచ్చింది.

టెక్సాస్ కథను కాస్త వివరంగా చెప్పుకోవాలి. 2007 నవంబరులో అక్కడి ఓటర్లు ఒక అసాధారణమైన తీర్పు ఇచ్చారు. క్యాన్సర్ పరిశోధన కోసం రాష్ట్రం బాండ్ల ద్వారా 300 కోట్ల డాలర్లు సేకరించడానికి ఓటు వేసి ఒప్పుకొన్నారు. ఆ నిధిని పంచడానికి పుట్టిన సంస్థను పొడి అక్షరాల్లో సిప్రిట్ అంటారు. దాని శాస్త్ర విభాగానికి అధిపతిగా ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్ వచ్చారు. 1994లో వైద్యశాస్త్రంలో నోబెల్ పంచుకున్న శాస్త్రవేత్త ఆయన, ఏళ్ల తరబడి డల్లాస్‌లో పనిచేసినవారు. టెక్సాస్ శాస్త్రలోకంలో ఆయనకు తెలియని ముఖం ఉండేది కాదు. అయినా ప్రతిపాదనలను తూచే కమిటీల్లోకి టెక్సాస్‌లో పనిచేసే శాస్త్రవేత్త ఒక్కరినీ తీసుకోలేదు. కారణం స్పష్టం. అంత డబ్బు ఒక రాష్ట్రంలోనే పంచుతున్నప్పుడు అక్కడి క్యాన్సర్ శాస్త్రవేత్తల్లో ప్రతి ఒక్కరూ దరఖాస్తుదారే అవుతారు, లేదా దరఖాస్తుదారుకు సహోద్యోగో, గురువో, పోటీదారో అవుతారు. అందుకే కమిటీలకు బయటి రాష్ట్రాలవారిని పిలిచారు. వారందరి పైన ఉండే సమీక్షా మండలికి ఎంఐటీ శాస్త్రవేత్త ఫిలిప్ షార్ప్ నాయకత్వం వహించారు. 1993లో ఆయనకూ నోబెల్ వచ్చింది.

అలాంటి మనుషులను ఇలాంటి పనికి రప్పించడం తేలిక కాదు. ఎవరి ప్రయోగశాల వారికి ఉంది, ఎవరి విద్యార్థులు వారికి ఉన్నారు. వందల పేజీల ఇతరుల రాతలు చదివి, తమకు ఒక్క డాలరు గ్రాంటు రాని రాష్ట్రం కోసం రోజుల తరబడి చర్చలో కూర్చోవాలి. వారు వచ్చింది ఒక్క హామీని నమ్మి: తాము నిజాయతీగా తూచి చెప్పిన మాటే నిర్ణయానికి ఆధారమవుతుందన్న హామీ.

2012లో ఆ హామీకే దెబ్బ తగిలింది. హ్యూస్టన్‌లో ఒక వాణిజ్య అభివృద్ధి కేంద్రానికి దాదాపు 2 కోట్ల డాలర్ల గ్రాంటు శాస్త్రీయ సమీక్ష లేకుండానే మంజూరైంది. దాన్ని చూసింది వ్యాపార కోణంలో మాత్రమే. మరోపక్క సమీక్షకులు మెచ్చిన కొన్ని పెద్ద పరిశోధన ప్రతిపాదనలు వాయిదా పడ్డాయి. గిల్‌మన్ తప్పుకుంటానని మే నెలలోనే ప్రకటించి అక్టోబరులో వెళ్లిపోయారు. షార్ప్, ఆయనతోపాటు చాలామంది సమీక్షకులు అదే దారి పట్టారు. ఆ తర్వాత మరో సంగతి బయటపడింది. డల్లాస్‌లోని పెలటన్ థెరప్యూటిక్స్ అనే కంపెనీకి కోటీ 10 లక్షల డాలర్ల గ్రాంటు ఏ సమీక్షా లేకుండా ఆమోదం పొందింది. డిసెంబరులో గవర్నరు, చట్టసభల నాయకులు కలిసి కొత్త గ్రాంట్లు ఆపించారు. 2013లో చట్టం మార్చి సంస్థను సరిదిద్దాక గాని పని మళ్లీ మొదలు కాలేదు.

ఇక్కడ దాచకూడని సంగతి ఒకటుంది. ఆ పెలటన్ కంపెనీని 2019లో మెర్క్ సంస్థ కొనుక్కుంది. దాని పరిశోధన నుంచి వచ్చిన బెల్జూటిఫాన్ అనే మందుకు 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం దొరికింది. వంశపారంపర్యంగా వచ్చే ఒక అరుదైన వ్యాధిలో పుట్టే కణుతులకు అది నిజంగా పనికొచ్చే మందు. అలాంటప్పుడు సమీక్ష లేకుండా డబ్బిచ్చినవారిదే ఒప్పు కదా అని ఎవరైనా అడగవచ్చు. కాదనే నా సమాధానం. మంచి శాస్త్రం సమీక్షకు భయపడనక్కరలేదు. ఆ ప్రతిపాదన కమిటీ ముందుకు వచ్చి ఉంటే గెలిచే అవకాశం దానికి పుష్కలంగా ఉండేది. కమిటీని దాటించడం వల్ల దానికీ మచ్చ వచ్చింది, మిగతా పరిశోధకులందరికీ నెలల తరబడి నిధులు ఆగాయి. చీకట్లో విసిరిన రాయి ఒకసారి గురికి తగిలిందని చీకట్లోనే విసరడాన్ని పద్ధతి చేసుకోలేం.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మన పెద్దలు అన్నారు. ఇది లోకానుభవం. దీన్ని అంకెల్లో పెట్టి చూపించిన ఘనత ఇద్దరు స్వీడన్ మహిళా శాస్త్రవేత్తలది. క్రిస్టీన్ వెన్నెరాస్, ఆగ్నెస్ వోల్డ్ తమ దేశ వైద్య పరిశోధన మండలి 1995లో ఇచ్చిన పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్పుల మార్కులు చూపమని అడిగారు. రహస్యమన్నారు. ప్రభుత్వ పత్రాలను చూసే హక్కు ఆ దేశంలో బలమైనది. వారు కోర్టుకు వెళ్లి ఆ పత్రాలు సంపాదించారు. 1997లో 'నేచర్' పత్రికలో వచ్చిన వారి లెక్క వైద్య పరిశోధన లోకాన్ని కుదిపేసింది. దరఖాస్తు చేసిన 114 మందిలో 52 మంది మహిళలు. 20 ఫెలోషిప్పుల్లో వారికి దక్కినవి నాలుగు. పురుషుడితో సమానమైన మార్కు తెచ్చుకోవడానికి మహిళ రెండున్నర రెట్లు ఎక్కువ పరిశోధన ఫలితం చూపవలసి వచ్చింది.

ఆ వ్యాసంలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది రెండో సంగతి. కమిటీ సభ్యుల్లో ఎవరితోనైనా అనుబంధం ఉన్న దరఖాస్తుదారుకు అదనంగా మార్కులు పడ్డాయి. అక్కడ నిబంధన లేక కాదు. అనుబంధం ఉన్న సభ్యుడు ఆ దరఖాస్తుకు మార్కులు వేయకూడదు, వేయలేదు కూడా. ఆ మార్కులను మిగతా సభ్యులే పెంచారు. పక్క కుర్చీలోని మిత్రుడి శిష్యుణ్ని తక్కువ చేయడానికి వారికి మనసు రాలేదు. మన దగ్గర ఏ కమిటీ మీద విమర్శ వచ్చినా సంబంధమున్న సభ్యుడు ఆ సమయంలో బయటికి వెళ్లాడన్న జవాబు వస్తుంది. మనిషి బయటికి వెళ్లినా మొహమాటం గదిలోనే ఉండిపోతుందని స్వీడన్ అనుభవం చెబుతోంది. అందుకే అసలు జాగ్రత్త కమిటీ సమావేశమయ్యే రోజున కాదు, సభ్యులను ఎంచుకునే రోజున పడాలి.

అలాగని ఆ రంగంతో ఏ సంబంధమూ లేనివారినే కూర్చోబెడదామంటే అదీ ప్రమాదమే. అమెరికాలో వైద్య పరిశోధనకు ప్రధాన పోషక సంస్థ అయిన ఎన్‌ఐహెచ్‌కు వచ్చిన దాదాపు లక్ష దరఖాస్తులను ఆర్థికవేత్త డానియెల్ లీ పరిశీలించారు. 2017లో వచ్చిన ఆమె పరిశోధన ప్రకారం, దరఖాస్తు చేసినవారి పనికి దగ్గరగా పనిచేసే నిపుణుడు కమిటీలో ఉంటే ఆ దరఖాస్తుకు కొంత మొగ్గు దొరుకుతుంది. అదే నిపుణుడు ఆ రంగంలో మంచి పనిని, నాసి పనిని వేరుచేయడంలోనూ మిగతావారికంటే మెరుగు. తెలిసినవాడికి పక్షపాతం ఉంది, పక్షపాతం లేనివాడికి తెలియదు. ఈ రెండింటినీ తూచి చూస్తే తెలిసినవాడిని ఉంచుకోవడమే లాభమని ఆమె లెక్క తేల్చింది. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఒక షరతుతో. తెలిసినవారు ఒకే బడికి, ఒకే ఊరికి, ఒకే గురువుకు చెందినవారు కాకూడదు. ఒకరి మొగ్గును ఇంకొకరి మొగ్గు ఆపగలగాలి.

నిపుణులంతా ఒకే మాట చెబుతారన్న భ్రమ కూడా పోవాలి. ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలికి 2009లో వచ్చిన ప్రతిపాదనల మార్కులను గణాంక శాస్త్రవేత్తలు తిరగేశారు. కమిటీ సభ్యులు కాస్త అటూ ఇటూ మారి ఉంటే ఏమయ్యేదో లెక్కగట్టారు. ఎవరు కూర్చున్నా నిధులు వచ్చి తీరే ప్రతిపాదనలు 9 శాతం. ఎవరు కూర్చున్నా రానివి 61 శాతం. మిగిలిన సుమారు 29 శాతం తలరాత కమిటీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి ఈ నిజాన్ని ధైర్యంగా ఒప్పుకుంది. కొత్త దారులు వెతికే ఒక రకం గ్రాంట్లకు అర్హత మాత్రం నిపుణులతో చూపించి, అర్హమైన వాటిలో 2013 నుంచి లాటరీ తీస్తోంది. అన్ని గ్రాంట్లకూ లాటరీ పెట్టాలని నేను అనను. కానీ ఆ 29 శాతంలో ఉన్న పరిశోధకుడికి కమిటీ కూర్పే విధి. అలాంటప్పుడు ఆ కూర్పును నలుగురికీ తెలియని ఫోన్ పిలుపులకు వదిలేయడం అన్యాయం.

ఇక నిపుణుడు అనే మాటకు మనం చెప్పుకునే అర్థమే ఇరుకుగా ఉంది. 1990ల మొదట్లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌ను ఎదుర్కొన్న మహిళలు వీధుల్లోకి వచ్చి, కాంగ్రెస్ సభ్యుల గుమ్మాలు తొక్కి, 1993 ఆర్థిక సంవత్సరానికి రక్షణ శాఖ ద్వారా 21 కోట్ల డాలర్ల పరిశోధన నిధి సాధించారు. డబ్బుతో వారు తృప్తి పడలేదు. దాన్ని పంచే బల్ల దగ్గర తమకూ కుర్చీ కావాలన్నారు. ఆ కార్యక్రమంలో 1995 నుంచి జబ్బును అనుభవించినవారు శాస్త్రవేత్తల పక్కన కూర్చుని ప్రతిపాదనలు చదువుతున్నారు. వారి ఓటుకు శాస్త్రవేత్త ఓటుతో సమానమైన విలువ ఉంది. మొదట్లో అనుమానపడిన శాస్త్రవేత్తలు చాలామంది తర్వాత వారి విలువను గుర్తించారు. బ్రిటన్‌లో 2006లో ఏర్పడిన జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ కూడా నిధుల కమిటీల్లోకి సాధారణ పౌరులను, రోగులను తీసుకుంటోంది. సభ్యుల కోసం బహిరంగంగా ప్రకటన ఇస్తుంది, దరఖాస్తులు తీసుకుంటుంది, పౌర సభ్యులకు వారి సమయానికి డబ్బు చెల్లిస్తుంది. ఈ చెల్లింపు చిన్న విషయంగా కనిపించవచ్చు. జీతం నడుస్తుండగా కమిటీకి వచ్చే ప్రొఫెసరు పక్కన, రోజు కూలి పోగొట్టుకుని వచ్చే మనిషి ఉచితంగా కూర్చోవాలనడం మర్యాద కాదు.

మన దేశంలో ఈ ఆలోచన సగం దూరం వచ్చి ఆగింది. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వారిలో ఒక సామాన్య పౌరుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు తప్పనిసరి. కనీసం సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివారై ఉండాలి. ఇది మంచి చట్టం. అయితే ఎథిక్స్ కమిటీ పరిశీలించేది పరిశోధన ఎలా చేస్తారు, అందులో చేరే మనిషికి హాని జరగకుండా ఏం చేస్తారు అనే సంగతులను. అసలు ఈ పరిశోధన ఎందుకు, దీని బదులు మరొకటి ఎందుకు కాదు అన్న ప్రశ్న నిధులిచ్చే కమిటీ దగ్గరే తేలుతుంది. అక్కడ కూడా సామాన్యుడు కూర్చోవాలన్న నియమం ఆ నిబంధనల్లో లేదు.

ఉద్దానం సంగతే తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లనే తినేస్తోంది. రెండు దశాబ్దాలకు పైగా బృందాలు వస్తున్నాయి, రక్తం, నీరు, మట్టి నమూనాలు పట్టుకెళుతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జబ్బుకు మూలం ఇదీ అని అందరూ ఒప్పుకున్న జవాబు మాత్రం ఇంకా రాలేదు. ఈ జవాబు వెతికే పరిశోధనలకు నిధులిచ్చే కమిటీ ఒకటి రేపు ఏర్పడిందనుకుందాం. అందులో కిడ్నీ వైద్యులే ఉంటే రక్త పరీక్షల చుట్టూ, జన్యువుల చుట్టూ అల్లిన ప్రతిపాదనలకు మంచి మార్కులు పడతాయి. అది వారి తప్పు కాదు, వారికి బాగా తెలిసింది అది. భూగర్భ జలాలు తెలిసినవారు, ఎండలో పని మనిషి శరీరాన్ని ఏం చేస్తుందో తెలిసినవారు, పురుగుమందుల విషప్రభావం తెలిసినవారు, గ్రామ సర్వేలు చేసి చేయి తిరిగిన ఎపిడెమియాలజిస్టులు పక్కనే ఉండాలి. వారితోపాటు జీడితోటలో, కొబ్బరితోటలో పనిచేసి ఇవాళ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళుతున్న మనిషి ఒకరు ఉండాలి. పొద్దున్నుంచి ఏ నీళ్లు తాగారు, ఎన్ని గంటలు తాగకుండా ఉన్నారు, ఒళ్లు నొప్పులకు ఏ బిళ్ల మింగారు, పరీక్షకు రక్తం ఇచ్చిన తర్వాత ఫలితం ఎవరైనా చెప్పారా అని అడగగలిగేది ఆ మనిషే. తెలుగులో అడుగుతారు కాబట్టి ఆ సభ్యుడికి ప్రతిపాదన సారాంశం తెలుగులో ఇవ్వాలి. ఇది కష్టమైన పనేమీ కాదు. ఆంగ్లంలో రెండు వందల పేజీలు రాయగల పరిశోధకుడు తెలుగులో రెండు పేజీలు రాయించగలడు.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. కొన్ని విభాగాల్లో నిపుణుల సంఖ్యే తక్కువ. పిల్లల అరుదైన వ్యాధుల వంటి రంగంలో ఎవరు ఎవరి శిష్యులో అందరికీ తెలుసు. గురువు ప్రతిపాదనకు శిష్యుడు మార్కులు వేయాల్సి వస్తే మన సంస్కృతిలో అది ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. దీనికి ఒక మార్గం మన హైదరాబాదులోనే ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో స్థాపించిన ఇండియా అలయన్స్ ఇక్కడి నుంచే పనిచేస్తోంది. ఫెలోషిప్పుల ఎంపికకు దేశంలోని శాస్త్రవేత్తలతోపాటు విదేశీ శాస్త్రవేత్తలను కూడా పిలుస్తుంది, అభ్యర్థులతో ముఖాముఖి మాట్లాడి నిర్ణయిస్తుంది. టెక్సాస్ వారు రాష్ట్రం దాటి వెతికితే, ఇది దేశం దాటి వెతికింది. వైద్య పరిశోధనలో స్థిరపడిన తెలుగువారు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఎంతోమంది ఉన్నారు. ఊరికి బడి కట్టించడానికి, గుడికి గోపురం కట్టించడానికి చందా ఇచ్చే ఆ చేతులు ఏడాదికి ఐదారు ప్రతిపాదనలు నిష్పక్షపాతంగా చదివి పెట్టడమూ సొంతగడ్డకు చేసే సేవే. అడిగితే ఎక్కువ మంది కాదనరని నా నమ్మకం.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, డబ్బు పంచే వ్యవస్థ మన దగ్గర కొత్తగా రూపు దిద్దుకుంటోంది. 2023లో పార్లమెంటు చేసిన చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ వచ్చింది. ఐదేళ్లలో 50 వేల కోట్ల రూపాయలు పరిశోధనకు వెచ్చించాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో అధిక భాగం ప్రైవేటు రంగం నుంచి రావాలని ఆశిస్తున్నారు. పరిశోధనకు స్థూల దేశీయోత్పత్తిలో ఒక్క శాతం కూడా పెట్టని దేశం మనది. ప్రభుత్వ అంచనాల్లో అది 0.64 శాతం. అంత తక్కువ డబ్బును పంచేటప్పుడు తూకం మరింత కచ్చితంగా ఉండాలి. ప్రైవేటు డబ్బు వచ్చే చోట ఆ డబ్బు వెంట ఏ పేరు, ఏ ఒత్తిడి వస్తుందో కమిటీకి తెలిసి ఉండాలి. హ్యూస్టన్ గ్రాంటు దారి తప్పింది వ్యాపార లెక్క శాస్త్ర సమీక్షను దాటినచోటే. 1911లో పుట్టి 1949లో నేటి పేరు పెట్టుకున్న భారత వైద్య పరిశోధన మండలికి శతాబ్దపు అనుభవం ఉంది. ఈ మార్పులో అది ముందు నడవాలి.

ఏం చేయాలో ఇప్పటివరకు చెప్పినదాంట్లోనే ఉంది. కమిటీ ఖాళీలకు బహిరంగ ప్రకటన ఇవ్వాలి. అర్హతలు, కాలపరిమితి ముందే చెప్పాలి. మూడు నాలుగేళ్లు దాటితే ఎంత గొప్పవారైనా కుర్చీ వదలాలి. దరఖాస్తు చేసినవారితో కలిసి వ్యాసాలు రాశారా, ఒకే సంస్థలో పనిచేశారా, వారికి గురువులా, కంపెనీల్లో వాటాలున్నాయా అన్న వివరాలు సభ్యులు రాసి ఇవ్వాలి. పని ముగిశాక సభ్యుల పేర్లు వెల్లడించాలి. కమిటీ చెప్పినదానికి భిన్నంగా పైవారు నిర్ణయిస్తే కారణం కాగితం మీద రాయాలి, ఆ కాగితం ప్రజలకు దొరకాలి. యువ శాస్త్రవేత్తలను, జిల్లా వైద్య కళాశాలల్లో పనిచేసేవారిని కూడా తీసుకోవాలి. 2011 నుంచి ఎన్‌ఐహెచ్ తొలి మెట్లలో ఉన్న పరిశోధకులను సమీక్షల్లో కూర్చోబెట్టే కార్యక్రమం నడిపింది. మంచి ప్రతిపాదన ఎలా ఉంటుందో వారు అక్కడే నేర్చుకున్నారు, కమిటీకీ కొత్త చూపు దొరికింది.

గోప్యత మాటా మరవకూడదు. ఇంకా ప్రచురించని ఆలోచనలు సమీక్షకుడి చేతికి వస్తాయి. ప్రతిపాదనలను కృత్రిమ మేధ సాధనాల్లో వేసి అభిప్రాయం రాయకూడదని ఎన్‌ఐహెచ్ 2023 జూన్‌లో సమీక్షకులను ఆదేశించింది. మన సంస్థలూ దీన్ని నియామక పత్రంలోనే రాయించుకోవడం మేలు.

కమిటీలు ఆగితే ఏమవుతుందో ఇటీవలే లోకం చూసింది. 2025 జనవరిలో అమెరికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన రోజుల్లోనే ఎన్‌ఐహెచ్ సమీక్షా సమావేశాలు ఉన్నట్టుండి రద్దయ్యాయి. కాంగ్రెస్ కేటాయించిన డబ్బు ఖజానాలోనే ఉండగా గ్రాంట్ల నిర్ణయాలు వెనకబడ్డాయి, ప్రయోగశాలలు అయోమయంలో పడ్డాయి. టెక్సాస్ కథ మాత్రం మంచి మలుపు తిరిగింది. చట్టం మార్చి, సమీక్షకుల మాటకు విలువ తిరిగి తెచ్చి, రాష్ట్రం బయటివారినే మళ్లీ పిలిచి పని మొదలుపెట్టిన ఆ సంస్థకు 2019 నవంబరులో అక్కడి ఓటర్లు మరో 300 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

అనుసంధాన్ సంస్థకు, వైద్య పరిశోధన మండలికి, రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు ఒక విజ్ఞప్తి. ఉద్దానం మీద గాని, నల్లగొండ ఫ్లోరోసిస్ మీద గాని ఈసారి పరిశోధన నిధుల కమిటీ వేసేటప్పుడు సభ్యత్వానికి పత్రికల్లో ప్రకటన ఇవ్వండి. ఆ జబ్బుతో బతుకుతున్న మనిషి ఒకరిని అందులో కూర్చోబెట్టి, రోజు కూలి చెల్లించి, ఓటు హక్కు ఇవ్వండి.